ఎడమకాలి చేతిరాత

తొలిసారి మడతపడింది వాదీ కబీర్‌లో,
ఇసుక కప్పేసిన పేవ్‌మెంటు అంచు మీద.
చేతిలో ఎవరో పిల్లాడి లంచ్ డబ్బా,
అది మాత్రం ఒలకలేదు.
ఐసు పెట్టాను, గుడ్డ చుట్టాను,
నాలుగోనాడు మళ్ళీ బస్సెక్కాను.
బెణుకే కదా.

రెండోసారి రూవీలో, కూరగాయల కొట్టు ముందు.
మూడోసారికి కారణమే లేదు.
చదునైన నేల, పట్టపగలు,
నేను నడుస్తున్నాను, అది నడవలేదు.
ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను.

నొప్పయితే ఒకరికి చెప్పుకోవచ్చు.
ఇది నొప్పి కాదు.
అప్పు తీసుకున్న మనిషి
సంతలో ఎదురై తల తిప్పుకున్నట్టు,
ఉన్నట్టుండి నా చీలమండ
నేనెవరో తెలీనట్టు పక్కకి ఒరిగిపోతుంది.

నా పని దిగడం.
స్కూలు బస్సు ఆగిన ప్రతిచోటా ముందు నేను దిగాలి,
ఒక చెయ్యి తలుపుకి, ఒక చెయ్యి పిల్లలకి.
పొద్దున పందొమ్మిది స్టాపులు, మధ్యాహ్నం పందొమ్మిది.
ఆఖరి మెట్టుకీ రోడ్డుకీ మధ్య
జానెడున్నర గాలి.
ఆ గాలిలోనే ఉంది నా జీతం.

డ్రైవర్ ఖమీస్ అద్దంలోంచి చూసేవాడు.
ఏమీ అనలేదు.
బస్సుని గట్టుకి ఇంకాస్త దగ్గరగా ఆపడం మొదలెట్టాడు.
జానెడున్నర జానెడైంది.

క్లినిక్‌లో షైనీ అనే మలయాళీ పిల్ల
నా పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ వంచింది.
సగం హిందీలో, సగం చేతులతో చెప్పింది:
లోపలి తాళ్ళు సాగిపోయాయి, అదొకటి.
అసలు సంగతి వేరే.
పాదం ఎక్కడుందో నీకు చెప్పడం మానేసింది.
ఒరిగిపోయాక కబురు పంపుతోంది.

పడ్డాక వచ్చే కబురు ఏం చేసుకోను?

ఒంటికాలి మీద నిలబడమంది,
పళ్ళు తోముకున్నంతసేపూ.
తొలిరోజు ఏడు అంకెలకే గోడ పట్టుకున్నాను.
"ఏ దేవుడి కోసమే ఈ తపస్సు?"
కిందమంచం నూకాలు దుప్పట్లోంచి అడిగింది.
రబ్బరు పట్టీ కొనమంటే
సైకిల్ ట్యూబు ముక్క మంచం కోడుకి కట్టి
పాదాన్ని బయటికి లాగాను, పదిహేనుసార్లు, రెండుపూటలా.
చెప్పులు వద్దంది. లేసుల బూట్లు కొన్నాను.
ఎల్‌కేజీ వాళ్ళకి రోజూ కట్టే ముడే.
నలభై ఆరేళ్ళకి
నా కాలికి కట్టుకుంటుంటే చేతులు తడబడ్డాయి.

ఆఖర్న, బొటనవేలితో గాల్లో
ఏబీసీడీలు రాయమంది.
నాకొచ్చినవి నేను రాశాను,
మూడో తరగతి దాకా పలక మీద దిద్దినవి.
ఏబీసీడీలవి కర్రలు, కాలు ఇట్టే దాటేస్తుంది.
మనవాటికి వంపు లేకుండా బతుకే లేదు.
'అ' కి లోపలికి చుట్టాలి,
'ఋ' దగ్గర కీలు కటుక్కుమంటుంది,
బండి 'ఱ' కి నిజంగానే బండి తిరిగినంత తిరగాలి.

స్కూలు గంట కొట్టేదాకా
ఖాళీ బస్సులో బూటు విప్పి రాసుకుంటూ ఉంటే
జ్వరమని ముందే పంపేసిన హన్విక
వెనకసీట్లోంచి తల పెట్టి చూసింది.
ఇంట్లో తెలుగే, రాయడం మాత్రం రాదు.
"జిలేబీయా, ఆంటీ?"
"కాదు. జిలేబీలో 'జ'."
కాసేపు చూసి
తనూ బూటు విప్పింది.

తగ్గిందా అంటే ఏం చెప్పను.
చలికాలం పొద్దున ఇప్పటికీ మొరాయిస్తుంది.
ఎత్తైన గట్టు కనబడితే
కళ్ళు ముందు దిగి, నేను తర్వాత దిగుతాను.
మొన్న అల్ ఖువైర్ మలుపులో
గులకరాయి మీద పడింది అడుగు.
ఒరగబోయింది.
ఈసారి కబురు ముందొచ్చింది,
వెంట్రుకవాసి ముందు.
వేళ్ళు బూటులోంచే రోడ్డుని పట్టుకున్నాయి.
చేతిలో పిల్లాడికి ఏమీ తెలీదు,
వాడు ఒంటెల గురించి ఏదో చెబుతూనే ఉన్నాడు.
అద్దంలో ఖమీస్ గడ్డం గోక్కున్నాడు.

పందొమ్మిదో స్టాపులో హన్విక దిగుతూ
"బండి 'ఱ' ఇంకా రావట్లేదు ఆంటీ" అంది.

"నాకూ రావట్లేదమ్మా,
మెట్టు చూసుకో."