దొంగలెక్క

ఎడమ పక్క నది.
కుడి పక్క ఫ్రీవే, దాని నడుమ రైలు పట్టాలు.
ఈ రెంటికీ మధ్య రెండు బారల తారుబాట,
నాకు దక్కిన పెర్త్ ఇంతే.

కానింగ్ వంతెన దగ్గర ఎక్కితే
నారోస్ వంతెన దాకా ఒక్క సిగ్నల్ ఉండదు.
ఆరున్నరకి ఆసుపత్రి ల్యాబులో
రాత్రి తీసిన రక్తాలు మూతలు బిగించుకుని
నాకోసం వరసలో నిలబడి ఉంటాయి.

నలభై మూడో ఏట నేర్చుకున్నాను సైకిలు.
లైబ్రరీ వెనక ఖాళీ పార్కింగులో, ఆదివారాలు,
సీటు పట్టుకుని నా వెనకే పరిగెత్తింది రేలీన్,
మోకాలు మార్పించుకున్న నర్సు, అరవై దాటిన మనిషి.
వదిలేస్తున్నానని చెప్పకుండా వదిలేసింది.
ఆ సంగతి తెలిసిన క్షణంలోనే పడ్డాను.
మోచేతి మీద మచ్చ, రూపాయి బిళ్ళంత, ఇంకా ఉంది.

ఈ బాట మర్యాదలు ఈ బాటవే.
సెప్టెంబరులో మాగ్‌పై పిట్టలు గుడ్లు పెడతాయి,
ఎవరి నెత్తి కనబడితే ఆ నెత్తి మీద దిగుతాయి.
ఆ నెలంతా హెల్మెట్‌కి ప్లాస్టిక్ ముళ్ళు గుచ్చుకుని
బ్యాంకు మేనేజరూ నేనూ
ఏదుపందుల్లా తొక్కుకుంటూ పోతాం.
వేసవి సాయంత్రాల్లో సముద్రం మీంచి గాలి లేస్తుంది,
దాన్ని ఇక్కడ డాక్టరు అంటారు.
ఊరికంతా చల్లగా వైద్యం చేస్తాడు,
ఇంటికి ఎదురు తొక్కే నా దగ్గర మాత్రం
ఫీజు ముక్కుపిండి వసూలు చేస్తాడు.

బాట పక్కన ఒక స్తంభం.
తారు కింద తీగ పాతారు,
సైకిలు దాటినప్పుడల్లా అంకె ఒకటి పెరుగుతుంది.
అర్ధరాత్రికి మళ్ళీ సున్నా.
నేనొక రోజు నలభై ఒకటి, ఒక రోజు ముప్ఫై ఎనిమిది.
ఈ ఊళ్ళో నన్ను లెక్కలోకి తీసుకున్నది
ముందుగా అదే.

ఎదురుగా వచ్చేవాళ్ళలో ఒకతను,
పసుపు మడ్‌గార్డు, నెరిసిన గడ్డం.
పేరు తెలీదు.
చెయ్యి ఊపడు, హ్యాండిల్ మీంచి ఒక వేలు లేపుతాడు.
నేనూ ఒక వేలే లేపుతాను, వడ్డీ లేకుండా.
అతను పడవల రేవు దగ్గర ఎదురైతే
నేను టైముకే ఉన్నట్టు.
నీటికాకులు రెక్కలారబెట్టే గుంజల దగ్గరైతే
నేను ఆలస్యం, లేదా అతను తొందర.
ఆరేళ్ళుగా గడియారం చూసుకోలేదు.

మూడు వారాలైంది, కనబడటం లేదు.
రిటైరయ్యాడేమో. రైలెక్కుతున్నాడేమో.
ఏమో దగ్గర ఆగిపోతాను, దాని అవతలికి తొక్కను.
ఎవరినడగాలి?
అయ్యా, ఒక వేలు కనబడటం లేదు, మీరేమైనా చూశారా అనా?

ఈ రోజు జులై వాన.
చీకటి, చలి, ముందు చక్రం మీంచి మొహాన నీళ్ళు.
ఫ్రీవేలో బారులు తీరిన ఎర్ర దీపాలు, అడుగు కదలవు,
ఒక్కో కారులో ఒక్కో మనిషి, వైపర్లు మాత్రం పరుగు.
స్తంభం దాటి వెనక్కి చూశాను.
మూడు.
ఇంత పెద్ద బాటకి మేం ముగ్గురం.

ఎందుకో తెలీదు, బ్రేకు వేశాను.
వెనక్కి తిరిగి తీగ మీంచి పోయాను.
నాలుగు.
ఇది పసుపు మడ్‌గార్డుది, అటే కదా అతని దారి.
పనికి పోవాలి గనక మళ్ళీ ఇటు తిరిగాను,
ఐదు.

అక్కడ చిక్కొచ్చింది.
గడ్డిలోంచి ఎత్తుకుని దాటాల్సింది, తోచలేదు.
మిగిలిన ఆ ఒకటి
ఎవరి పేర రాయాలో
నారోస్ వంతెన దాకా ఆలోచించాను.

ల్యాబుకి తొమ్మిది నిమిషాలు లేటు.
బూట్లలోంచి నీళ్ళు వంపుతుంటే
వానా అని అడిగారు.
వానే అన్నాను.