ముట్టుకుంటే తప్పు

చేత్తో ముట్టుకుంటే తప్పని ఈలేసే ఆట అది.
పదకొండుమందిలో గోల్‌కీపర్ని కనక
నాకొక్కడికే మాఫీ.

అరవై రెండులో, విజయనగరం కాలేజీ జట్టులోకి
రెల్లివీధి నుంచి మొదటిసారి ఒకడొచ్చాడు,
బంగారి సోములు.
కుడి అంచున ఆడేవాడు, బూట్లు లేకుండా.
వాళ్లమ్మ తెల్లారకముందే
మూడు లాంతర్ల దగ్గర ఊడ్చేది.

పది జెర్సీలు చాకలిరేవుకెళ్లేవి.
ఏడో నంబరు మాత్రం
వాడి ఒంటిమీదే ఇంటికెళ్లేది.
"ఎవరికీ ఇబ్బంది లేదు కదా," అనేవారు మా డ్రిల్లు మాస్టారు.

నౌపడాలో దిగి చిన్నబండెక్కి టెక్కలి పోయాం.
విరామంలో కుండ, ఒకటే గ్లాసు.
చేతులు మారుతూ వచ్చి
సోములు ముందు గాల్లోనే ఆగింది.
దోసిలి పట్టాడు. పైనుంచి పోసింది నేనే.
సగం నీళ్లు మోచేతుల వెంట కారిపోయాయి.

తర్వాత వాడి నుదుటి మీంచి గోలు.
ఆఖర్లో అదే బంతి నామీదికొచ్చింది,
బురదా, ఎవరి చెమటో.
రెండు చేతులా గుండెకదుముకున్నాను.
ఏమీ అనిపించలేదు.

గెలిచాం. వాణ్ణి భుజాలకెత్తుకున్నారు,
ఒక నిమిషం, నిమిషంన్నర.

తిరుగుబండిలో తలుపు దగ్గర,
కాళ్లు బయటికేలాడేసుక్కూచుని
వెనక్కి చూడకుండానే అన్నాడు:
"నీకు రూలుంది కదేటి, ముట్టుకోడానికి."

నవ్వేను.
పొందూరు దాటేదాకా
బంతి గురించే అన్నాడనుకున్నాను.