సల్లారేక

కొత్త బాయిలర్‌కని దాచిన డబ్బది,
మూడు లక్షల అరవై వేలు.
వైశాఖం. పలాసలో పూటకి నాలుగు గంటల కోత,
ఫ్యాను రెక్క మీద దుమ్ము కూడా కదలని మధ్యాహ్నం
కాశీబుగ్గ మందుల షాపు మేడ మీద
పట్నాయక్ గారి గదిలో మాత్రం ఇన్వర్టరు.
ఆ చల్లగాలికే సగం ఒప్పుకున్నాను.
"దేశమంతా కరెంటు కోసం నోరు తెరుచుకునుంది,
ఇంతకంటే రుజువేం కావాలి మేడమ్?"
నాలుగు వందల పన్నెండు దగ్గర కొన్నాను.
నాలుగు వందల పంతొమ్మిది చూశాను,
ఒక్క పూట.

తర్వాత బొగ్గు రాలేదన్నారు, బ్యాంకు అప్పన్నారు.
బొగ్గంటే తెలుసు, అప్పంటే ఇంకా బాగా తెలుసు,
రెండూ కలిసి ఓ అంకెనెలా తింటాయో తెలీదు.

ఆశ్వయుజంలో తుపాను.
స్తంభాలు వరిదుబ్బుల్లా పడుకున్నాయి.
కరెంటు కంపెనీలో
ఎనిమిది వందల డెబ్బై మూడు షేర్లున్న మనిషిని
పదకొండు రాత్రులు
కొవ్వొత్తులు అరువు తెచ్చుకున్నాను.
పన్నెండో నాడు సెల్లు ఛార్జయింది.
మందసలో అక్క బతికుందో లేదో అడక్కుండా
ముందు పట్నాయక్‌కి చేశాను:
అమ్మెయ్యండి.
ఎనభై ఎనిమిది.
తోటలో ఒరిగిన జీడిచెట్లనీ ఆ వారమే
కట్టెల రేటుకి లారీ ఎక్కించాను.
అదే చెయ్యి. అదే వణుకు.

పాత బాయిలర్ దగ్గి దగ్గి అంటుకుంది.
కొత్తగా చేరిన గుంట ఒకర్తి
ఉడికిన పిక్కని ఆవిరి పోకుండానే
కత్తి కింద పెట్టింది.
పప్పు మూడు ముక్కలు.
సొన మచ్చల చేత్తో పళ్లెం లాక్కుంది దాలమ్మ:
"ఒలే గుంటా! సెగ మీద కొడితే ముక్కలే గదేటి?
రేత్రంతా ఆరనీ.
సల్లారేక కొట్టు, గుండు వస్తాది."

లెక్కల పుస్తకం లోంచి నేను తలెత్తలేదు.
పాతికేళ్లుగా వింటున్న మాటే.
పిక్కల గురించనుకున్నాను ఇన్నాళ్లూ.

దాలమ్మ పెరట్లోనూ ఒకటి ఒరిగిందట,
విరిగిన మంచంకోడు ఊతమిచ్చి వదిలేసిందట.
పూత పట్టిందా అని నేనడగను.

గుండు, బద్ద, ముక్క అని రాసుండే పేజీలో
ముక్క కింద ఇంకో గడి గీసి
పేరు పెట్టకుండా ఉంచాను.
బాయిలర్‌కి మళ్లీ చీటీ కడుతున్నాను.
ఆ షేరు ధర చూడ్డం మానేశాను.

అబద్ధం.
సొన కడిగితే పోదు,
తోలూడి కొత్త తోలు రావాలి.
పొద్దున్నే చూశాను.
రెండు వందల అరవై.