మూడింటికి

కాకుటూరు హాల్లో రెండొందల పది మంది.
హైవే మీద లారీ పోతే
కిటికీ అద్దాలు మాత్రం బదులిస్తాయి.

"తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ ఎందుకు పడిపోద్ది?"
నేనడిగాను. మైకు ఇంకోసారి అడిగింది.
ముందు వరస రాసుకుంది, ప్రశ్నను కూడా.
జవాబు నేనే చెప్పేశాను,
ఎప్పట్లాగే.

గంట కొట్టాక మెట్ల దగ్గర పెంచల ప్రసన్న:
"సార్, మాది ఇసకపల్లి.
మూడింటికి మా నాయన టార్చి ఏసుకోని గట్టెమ్మడి తిరగతాడు.
రొయ్యలు అంచుకొచ్చి మీసాలు పైకెత్తినాయంటే
ఏరియేటర్లు ఏసేదే.
కరెంటు లేదా, డీజిలు లేదా,
తెడ్డో చెయ్యో, ఏదో ఒకటి.
నీళ్లు కదలాల."

"మరి లోపల చెప్పలేదేం?"

"అంతమందిలోనా?"
నవ్వింది.
"మైకు నా దాకా ఎప్పుడొచ్చింది సార్?"

ఆ రాత్రి హాజరు పట్టీ తిరగేశాను.
మైపాడు, కోట, గంగపట్నం, ఇసకపల్లి...
ఇన్నాళ్లూ నంబర్లే పిలిచాను.

సోమవారం మైకు కట్టేశాను.
మీ ఊళ్లో ఎవరు, ఎన్నింటికి లేస్తారో
పక్కవాళ్లకి చెప్పండి, అన్నాను.

చాలాసేపు ఏమీ లేదు.
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
సుద్దముక్క విరిచాను.

వెనక ఎక్కడో
ఒక బుడగ లేచింది.
దాని పక్కన ఇంకోటి.

ఏడు స్లైడ్లు అట్నే ఉండిపోయినాయి.