సాన పట్టేవాడి లెక్క

నా ఈల వినబడితే వానొస్తుందని
మిరాందా వైపు ఒక నమ్మకం.
పాలసోలోలో నేను సైకిల్ ఆపేసరికి
ఆడవాళ్లు ముందు తీగల మీద బట్టలు తీస్తారు,
తర్వాతే కత్తులు తెస్తారు.

జుల్మీరా రెండు తెచ్చింది.
రెండూ మడత కత్తులే, రెండూ ఈ ఊళ్లో చేసినవే,
రెండూ కలిపినా ఒక పూట మేకమాంసం ఖరీదు చెయ్యవు.
ఒకటి కార్బన్ ఉక్కు. చెమటకి నల్లబడ్డ చెక్క పిడి,
అరిగి అరిగి చేపముల్లయిన అలుగు.
రెండోది స్టెయిన్‌లెస్. పోయిన సంతలో కొన్నది,
ఇంకా ఏ పాపమూ ఎరగనట్టు మెరుస్తోంది.

"ఏది మంచిది, అదేరీతో?"

నేను మాటల మనిషిని కాను. పెడల్ తొక్కాను.
రాయికి తాకగానే కార్బన్
కాకరపువ్వొత్తిలా పగిలింది,
రవ్వలోంచి రవ్వ, కొమ్మలోంచి కొమ్మ.
స్టెయిన్‌లెస్ పొట్టిగా, ఎర్రగా
నాలుగు రవ్వలు విదిల్చి
అడిగినదానికే జవాబు చెప్పే గుమాస్తాలా ఊరుకుంది.

"చూశావుగా" అన్నాను.
"నువ్వు చూపించింది నిప్పు. నేనడిగింది కత్తి."

సరే, విను.
ఇది అలుగుతుంది.
తడిగా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు కక్కుతుంది,
పుల్లటిది కోస్తే నీలంగా మారి ముఖం మాడ్చుకుంటుంది.
కానీ నీ గడప రాయి మీద పదిసార్లు రుద్దు చాలు,
ముంజేతి వెంట్రుకలు రాలతాయి.
అది అలగదు.
రాత్రంతా అంట్లలో పడున్నా ఏమీ అనదు.
కాకపోతే మొండి.
మొద్దుబారడానికీ మొండే, పదునెక్కడానికీ మొండే;
అంచున లేచిన పొర అటు తోస్తే ఇటు వాలుతుంది,
ఇటు తోస్తే అటు.
ఇంకా మంచి ఉక్కులున్నాయట, అంకెల పేర్లతో.
పదకొండు యూరోలకి మాత్రం ఈ రెండే.

ఆమె వినడం లేదు.
ఏప్రాన్ జేబులోంచి ఆపిల్ తీసి
సగం దీంతో, సగం దాంతో కోసింది.
పాత కత్తి సగం తిని తలూపింది, తెలిసిన మనిషిని చూసినట్టు.
కొత్త కత్తి సగం కొరికి
నమలడం ఆపేసింది.

"నలభై ఏళ్లుగా నేను తింటున్నది ఇనుమా?"

నవ్వానో లేదో గుర్తులేదు.
మా వెనక చెట్టు మీద ఇంకా బోలెడు ఆపిళ్లున్నాయి.

"పాతది ఇంకెన్ని సానలు తట్టుకుంటుంది?"
వెలుగుకెత్తి చూశాను. "మూడు. మెత్తగా పడితే నాలుగు."
"మెత్తగా పట్టు" అంది.

రెండూ పట్టాను.
కొత్తదానికి డబ్బిచ్చింది;
పాతదానికి మిగిలిన ఆపిల్ ముక్క, కోసిన చోట నల్లటి గీతతో.

సాయంత్రం డబ్బా దులిపితే బూడిదరంగు పొడి.
ఆ అలుగు పోగొట్టుకున్న వెడల్పంతా
ఇలాగే, ఏ దారి పక్కనో, నేనే పారబోసి ఉంటాను.

వాన మాత్రం రాలేదు.
బట్టలు మళ్లీ ఆరేశారు.