చీటీ చెల్లుబాటు

నర్సాపురం మెయిన్ రోడ్డులో లేసు గొడౌను.
లెక్కల పుస్తకం నా వైపు,
ఫ్యాను రంగారావు గారి వైపు.

ఆ నెలంతా ఆయన ఫ్యాక్సు మిషను పక్కనే భోంచేశారు.
ఎక్కడో ఉత్తరాన,
చలికాలం మూడింటికే దీపాలు పెట్టుకునే దేశంలో
జనం ఓటేస్తున్నారట,
సొంత నాణెం ఉంచుకోవాలా
పదిమందితో కలిసి యూరోలోకి పోవాలా అని.
మన టేబుల్ క్లాతులన్నీ అక్కడికే.
"తేలేదాకా ఎవరికీ పైసా రాయకు" అన్నారు.

సీతారాంపురం నుంచి గంగారత్నం వచ్చింది.
పాలిథిన్ కవర్లో నలభై రెండు పువ్వులు.
ఒక్కోదానికి ఎన్ని గొలుసులో
ఆవిడ వేళ్ళనడగాలి, నా పుస్తకాన్ని కాదు.

"ఆ దేశం సంగతి ఇంకా తేలలేదమ్మా."
"ఏ దేశవండి?"
చెప్పాను. గుమ్మంలో నిలబడే వింది.
"అయితే ఒక్కొక్కళ్ళనీ అడుగుతున్నారా?"
"ఆయ్, ఒక్కొక్కళ్ళనీ."

సూది కొక్కేన్ని బొటనవేలితో తడిమి అంది:
"మమ్మల్నీ అడిగారండి మొన్న, సొసైటీవోళ్ళొచ్చి.
ఏజెంటు చీటీలు మానెయ్యండి,
బ్యాంకు పుస్తకవిత్తాం, ఊరూరికీ ఒకటే రేటన్నారు.
నేను చెయ్యెత్తలేదండి.
ఎనభై ఆరు వరదకి బ్యాంకు గుమ్మంలో నడుంలోతు నీళ్ళు.
మీ చీటీకి మాత్రం
వీరాస్వామి కొట్లో బియ్యం పోశాడండి,
తడిసినవే అనుకోండి."

వందకి పన్నెండు వీరాస్వామికి,
మూడు మా గొడౌనుకి.
ఆ పేజీ తెరిచే ఉంది.
దానిమీద మోచెయ్యి ఆనించాను.

సోమవారం ఫ్యాక్సు కూసింది.
వాళ్ళు చేరలేదు.
రంగారావు గారు కాలిక్యులేటరు రెండుసార్లు నొక్కి
పువ్వుకి పావలా కొయ్యమన్నారు.
చేరితే అంటించడానికి రాయించిన కాయితం
నా సొరుగులోనే ఉంది.
అందులో ముప్పై పైసలు.

గంగారత్నం పావలా మాట ఎత్తలేదు.
"చేరలేదా? పోన్లెండి.
ఆళ్ళకీ ఉండుంటాడు
ఓ వీరాస్వామి."

మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటూ వెనక్కి తిరిగింది.
"ఆళ్ళ చీటీ మీద ఎవరి బొమ్మ ఉంటాదండి?"

నాకు తెలీదు.
జవాబు కోసం చూస్తూ
తన చీటీని గాలికి ఆడిస్తోంది,
నా సంతకం ఆరేదాకా.