నిడో డబ్బా

శుక్రవారం నమాజు అయ్యాక
సల్మాబాద్ గ్యారేజీల వెనక, క్యాంపు గేటు దగ్గర
క్లినిక్ వ్యాను నన్ను దింపి వెళ్తుంది.
చంకలో చుట్టిన పటాలు,
సంచిలో ఒక కీరదోసకాయ,
మూతకి గాటు పెట్టిన నిడో డబ్బా.

మెస్సులో ముప్పై మంది.
ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ళ వాళ్ళు.
కోరుట్ల, ఆర్మూరు, మా కడప వైపు వాళ్ళిద్దరు.
అందరూ ఎవరి చెప్పులు వాళ్ళే చూసుకుంటున్నారు
ఇవాళే కొన్నట్టు.

"నమస్తే అక్కా" అంటారు ముందుగానే,
ఆ పిలుపుతో నా నోరు కట్టేద్దామని.
అక్క ముందు అనకూడనివి
అక్క మాత్రం ఎలా అంటుంది?
అంటుంది నాయనా.
జీతం తీసుకుని మరీ అంటుంది.

అసలు చిక్కు నా భాషతోనే.
పుస్తకంలో ఒక మాట ఉంది,
పలికితే పోస్ట్‌మార్టం రిపోర్టు చదివినట్టుంటుంది.
వీధిలో ఒక మాట ఉంది,
అంటే ఎవరి తల్లినో తిట్టినట్టే.
నడుమ, ఒంటిని ఒళ్ళుగా పిలిచే మాట
ఎవరు మింగేశారో.
రాజంపేటలో మా సైన్సు అయ్యవారు
ఆ పాఠం దగ్గర
రెండు పేజీలు కలిపి తిప్పారు.
ఆ రెండు పేజీలే ఇప్పుడు నా ఉద్యోగం.

సుఖరోగాలు అంటుంది మన తెలుగు.
ఇక్కడ సుఖం ఎవరికి?
పన్నెండు మందికి ఒక గది.
కింది మంచానికి దుప్పటి కట్టుకుంటే
అదే ఇల్లు, అదే తలుపు.
ఆ దుప్పటి కాస్త కదిలితే
పై మంచం వాడు దగ్గుతాడు.

కీరదోసకాయ బయటికి తీశాను. తొడుగు చూపించాను.
ఎవడో కిసుక్కుమన్నాడు,
నవ్వు ముప్పై మందికీ అంటుకుంది.
ఈ అంటువ్యాధి మంచిదే అన్నాను.
అయ్యాక కడిగి, చెక్కు తీసి, ముక్కలు కోసి ఉప్పు చల్లితే
ఒక్కడూ ముట్టలేదు.
నేనే తిన్నాను, కరకరా.

తర్వాత డబ్బా.
పేర్లు లేని చీటీలు,
డక్టు కొలతలు రాసుకునే కాగితం మీద,
సిగరెట్ పెట్టె లోపలి తళుకు మీద.
నిద్రల పోతే నెత్తురు తగ్గుతదా?
తగ్గదు. భయం పెరుగుతుంది, అంతే.
కిరాణా మలబారి ఇచ్చిన మలాం రాస్తున్న, మంట పోతలేదు.
పోదు. సోమవారం నా దగ్గరికి రా.
మెడికల్‌ల దొరికితే ఇంటికి పంపుతరా?
అబద్ధం చెప్పలేకపోయాను.
కొన్నిటికి పంపుతారు. అయినా పరీక్ష చేయించుకో,
వీసా కన్నా ప్రాణం పెద్దది, అన్నాను.
అప్పు ఎవరు తీరుస్తారని ఎవరూ అడగలేదు.
అడిగినట్టే వినపడింది.
ఇంకో చీటీలో ప్రశ్నే లేదు,
గది నంబరు మాత్రం ఉంది.
దాన్ని పైకి చదవలేదు. జేబులో పెట్టుకున్నాను.

వ్యాను హారన్ కొట్టింది.
అందరూ వెళ్ళాక లింబాద్రి మిగిలాడు,
చాయ్ గ్లాసులు ఏరుతున్నట్టు నటిస్తూ.
వైశాఖంలో పెళ్ళి. నలభై రోజుల సెలవు.
"మొదటి రాత్రి ఏం జెయ్యాల్నో అందరు జెప్పిన్రక్కా.
ఏం మాట్లాడాల్నో ఎవ్వలు జెప్పలే."

పదకొండేళ్ళుగా చెబుతున్నాను,
గ్రంథుల పేర్లు, మాత్రల పేర్లు.
దీనికి నా దగ్గర పటం లేదు.
మా మేడగదిలో ఆనాటి స్విచ్చు చప్పుడు గుర్తొచ్చింది.
దానికి ముందు ఏ మాటా లేదు.
తర్వాతా లేదు.

"నీకిష్టమేనా అని అడుగు" అన్నాను.
"జవాబు వచ్చేదాకా ఆగు."
"ఎంతసేపక్కా?"
"వచ్చేదాకా."

కాగితాలన్నీ డబ్బాలోకే పోయాయి.
చెవి మీది మార్కర్ తీసి
అరచేతిలో రాసుకున్నాడు,
పరీక్షలో కాపీ కొట్టబోయే పిల్లాడిలా.
ఇంకు ఆరేదాకా ఊది
గుప్పిట మూసుకున్నాడు.